ముగ్గురి జీతం ఒకే అకౌంట్‌లోకి పోతోంది, ముందు ఎవరికి చెప్పాలి?

అందరికీ నమస్తే అండి, నేను యూకేలో ఒక చెత్త రీసైక్లింగ్ కంపెనీలో సప్లయర్ల పని చూస్తాను. బెల్ట్ మీద చెత్త ఏరేవాళ్లంతా ఏజెన్సీ వాళ్లే, ఆ ఏజెన్సీ ఇంకో ఏజెన్సీ నుంచి తెస్తుంది. మొన్న లిస్ట్ చూస్తే ముగ్గురికి ఒకటే బ్యాంక్ అకౌంట్, ఒకటే అడ్రస్, అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. 2019లో బర్మింగ్‌హామ్‌లో శిక్షపడిన ముఠా కూడా పోలండ్ వాళ్లని తెచ్చి రీసైక్లింగ్ సెంటర్లలో, పొలాల్లో పెట్టి జీతాలు ఇలాగే లాగేసుకుంది కదా, బాధితులు 400 మందికి పైనే అని పోలీసుల అంచనా. 2015 మోడరన్ స్లేవరీ (మనుషుల్ని బానిసల్లా వాడుకోవడం) చట్టం కింద, దాన్ని ఆపడానికి ఏం చేస్తున్నామో మేం ఏటా స్టేట్‌మెంట్ పెడతాం గానీ దానివల్ల ఆ బెల్ట్ దగ్గర నిలబడ్డ మనిషికి ఏం ఒరిగింది చెప్పండి. ఏజెన్సీని అడిగితే రాత్రికి రాత్రే వాళ్లని ఎక్కడికైనా మార్చేస్తారేమోనని భయం. ముందు మోడరన్ స్లేవరీ హెల్ప్‌లైన్‌కి చెప్పాలా, మా మేనేజర్‌కా? సూపర్‌వైజర్ లేకుండా, వాళ్ల భాషలో వాళ్లతో మాట్లాడించడం ఎలా? ఇలాంటిది ఎవరైనా చేసుంటే చెప్పండి ప్లీజ్.