పెద్ద ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు జావాలో నత్తనడక: డామ్ మానేస్తే సరిపోతుందా?

కొత్తకోడ్: తెలుగు వికీపీడియా డంప్ (బీజిప్2తో కుదించిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు) నుంచి శీర్షిక, పాఠ్యం తీయాలి. డాక్యుమెంట్‌బిల్డర్ (డామ్ పార్సర్) వాడితే హీప్ (జావా వాడుకునే మెమరీ) నిండి, సమయమంతా జీసీకే (అక్కర్లేని మెమరీని ఖాళీచేసే పనికే) పోతోంది. హీప్ పెంచాలా, పార్సర్ మార్చాలా?

స్ట్రీమ్‌పక్షం: హీప్ పెంచడం దండగండీ. డామ్ చెట్టు మొత్తాన్నీ మెమరీలో కడుతుంది. పైగా ఒక్క తెలుగు అక్షరమున్నా ఆ స్ట్రింగ్ అంతా అక్షరానికి 2 బైట్లు తింటుంది. జావా 9 కాంపాక్ట్ స్ట్రింగ్స్ (అక్షరానికి 1 బైటే వాడే పొదుపు) ఇక్కడ అక్కరకు రావు. స్టాక్స్ (ఫైలుని కొంచెం కొంచెంగా చదివే పార్సర్) వాడండి, జావా 6 నుంచీ జేడీకేలోనే ఉంది. పేజీ ముగియగానే రాసేసి వదిలేయండి.

కొలిచిచూడు: మెమరీ వరకూ సరే, వేగం సంగతి ఒప్పుకోను. ముందు పార్సర్ లేకుండా స్ట్రీమ్‌ని చివరిదాకా ఊరికే చదివి ఎంతసేపు పట్టిందో చూడండి. బీజిప్2ని విప్పడానికే సింహభాగం పోతుంటే ఏ పార్సరైనా ఒకటే. అప్పుడు ఎల్‌బీజిప్2 అనే టూల్‌తో అన్ని కోర్ల మీదా విప్పి, పైపులో జావాకి పంపండి. కామన్స్ కంప్రెస్ లైబ్రరీతో జావాలోనే విప్పేటట్టయితే కన్‌స్ట్రక్టర్ రెండో ఆర్గ్యుమెంట్ ట్రూ ఉండాలి. లేదంటే మల్టీస్ట్రీమ్ డంప్ (చాలా బీజిప్2 స్ట్రీమ్‌లు వరసగా కలిపిన ఫైలు) మొదటి స్ట్రీమ్‌తోనే ఆగి, ఫైలు అర్ధాంతరంగా ముగిసిందన్న ఎర్రర్ వస్తుంది. ఫైలు మాత్రం బాగానే ఉంటుంది!

జాక్స్‌బీఅభిమాని: స్టాక్స్, జాక్స్‌బీ (ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని జావా ఆబ్జెక్టులుగా మార్చేది) రెండూ కలపొచ్చు. స్టాక్స్‌తో పేజ్ ట్యాగు దాకా వెళ్ళి, ఆ ముక్కని జాక్స్‌బీ అన్‌మార్షలర్‌కి ఇవ్వండి.

కొలిచిచూడు: ఇవ్వొచ్చు, కానీ అన్‌మార్షల్ అయ్యాక కర్సర్ (పార్సర్ చదువుతున్న చోటు) ముగింపు ట్యాగు దాటి నిలబడుతుంది. అక్కడ మళ్ళీ నెక్స్ట్ పిలిస్తే, ట్యాగుల మధ్య ఖాళీ లేని ఫైల్లో పేజీలు ఒకటి విడిచి ఒకటి మాయమవుతాయి. వికీ డంప్‌లో ఖాళీ ఉంటుంది కాబట్టి ఈ తప్పు బయటపడదు. జాక్స్‌బీకాంటెక్స్ట్ ఒక్కసారే కట్టండి, అది ఖరీదైన పని. జాక్స్‌బీ జావా 11 నుంచి జేడీకేలో లేదు, విడిగా కలుపుకోవాలి.

స్ట్రీమ్‌పక్షం: రెండు ట్యాగుల కోసం అంత హంగామా ఎందుకు? పాఠ్యం ముక్కలుగా వస్తుంది, స్ట్రింగ్‌బిల్డర్‌లో చేర్చుకుంటే చాలు. ప్లస్‌ఈక్వల్ వాడితే ప్రతి ముక్కకీ అప్పటిదాకా పోగైనదంతా మళ్ళీ కాపీ అవుతుంది. ఎంటిటీల (ఫైల్లో వేరే పాఠ్యానికి బదులు వాడే పొట్టి పేర్ల) పరిమాణం పరిమితి దాటిందని ఆగితే టోటల్ఎంటిటీసైజ్‌లిమిట్ 0 పెట్టేయండి.

కొలిచిచూడు: వికీ డంప్‌కి పెట్టుకోండి. బయటివాళ్ళు అప్‌లోడ్ చేసే ఫైళ్ళు చదివే సర్వర్‌లో మాత్రం వద్దు, ఆ పరిమితి ఉన్నదే ఎంటిటీ బాంబుల్ని (విచ్చుకుని మెమరీ అంతా నింపేసే ఎంటిటీల్ని) ఆపడం కోసం.