లండన్‌లో అంత జనం ఉండి వీధులెందుకు ఖాళీ? పారిస్‌లో రాత్రి పదికి కూడా ఎందుకంత సందడి?

చిక్కడపల్లి_అమ్మమ్మ:

అందరికీ నమస్కారం. ఒక సందేహం, తెలిసినవాళ్ళు తీర్చండి.

మా అమ్మాయి లండన్‌లో బ్రోమ్లీ వైపు ఉంటుంది. జూన్‌లో వెళ్ళొచ్చాను. వాళ్ళ వీధిలో సాయంత్రం ఏడయ్యేసరికి మనిషన్నవాడు కనపడడు. ఎండ ఉంటుంది, గులాబీలుంటాయి, వరసగా కార్లుంటాయి. పాలు కావాలంటే పావుగంట నడవాలి, దారిలో పలకరించడానికి పిల్లి తప్ప ఎవరూ లేరు. అక్కణ్ణించి రైల్లో పారిస్ తీసుకెళ్ళింది. రిపబ్లిక్ అనే చౌరస్తా దగ్గర చిన్న గది. రాత్రి పదింటికి కిటికీ తీస్తే కింద కుర్చీలన్నీ రోడ్డు వైపు తిప్పి జనం కూర్చునున్నారు. పిల్లలు ఇంకా బంతాట ఆడుతున్నారు. మా బిల్డింగ్ కిందే ఒక మందుల షాపు, తాళంచెవులు చేసి చెప్పులు కుట్టే కొట్టు, ఒక పళ్ళ దుకాణం. అన్నిటి మీదా ఇళ్ళే.

లండన్ జనాభా 88 లక్షలు, పారిస్‌ది 21 లక్షలేనట. నాలుగింతల జనం ఉన్న ఊళ్ళో వీధి అలా నిద్రపోవడమేంటి? మా అల్లుడు "ఫ్రెంచివాళ్ళకి పనీపాటా తక్కువ అత్తయ్యా" అని తేల్చేశాడు. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని జనాన్ని చూస్తూ రిటైరైనదాన్ని, ఆ జవాబు నాకు సరిపోలేదు.

ఇంకో సంగతి. ఇప్పుడు నేనుండేది కొండాపూర్‌లో, 21వ అంతస్తులో. మా ఒక్క గేటు లోపలున్నంత జనం చిక్కడపల్లిలో మా పాత వీధి మొత్తం కలిపినా ఉండరు. అయినా గేటు బయట నిలబడి చాయ్ తాగే చోటు లేదు. చిక్కడపల్లిలో లైబ్రరీ నుంచి ఇంటికొచ్చేలోపు కనీసం నలుగురు ఆపి మాట్లాడేవాళ్ళు. ఇదీ ఆ లండన్ జబ్బేనా?

ఈస్ట్‌హామ్_కుర్రాడు:

అమ్మమ్మగారూ, బ్రోమ్లీని చూసి లండన్‌ని తిట్టడం అన్యాయమండీ. లండన్ బరోలన్నిటిలో (బరో అంటే లండన్‌లో స్థానిక పాలన విభాగం) జనం అతి పల్చగా ఉండేది అక్కడే. మా పక్కనున్న టవర్ హామ్లెట్స్‌లో చదరపు కిలోమీటరుకు 15 వేల మందికి పైనే ఉంటారు. ఈసారి వచ్చినప్పుడు గ్రీన్ స్ట్రీట్‌కి రండి. చీరల షాపులు, బంగారం షాపులు, క్వీన్స్ మార్కెట్‌లో బెండకాయలు, పచ్చిమిర్చి. మా ఈస్ట్‌హామ్ హై స్ట్రీట్ మీద సాయంత్రం దోశల వాసన పట్టుకుని నడిచెళ్ళొచ్చు. శుక్రవారం సాయంత్రం సిటీ అనే ఆఫీసుల పేటలో పబ్బుల ముందు గ్లాసులు పట్టుకుని ఫుట్‌పాత్ నిండా నిలబడే జనాన్ని కూడా మీరు చూసినట్టు లేరు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. హై స్ట్రీట్ దాటి రెండు సందులు లోపలికెళ్తే మళ్ళీ మీరన్నట్టే ఉంటుంది. ఇళ్ళు, ఇళ్ళు, ఇంకా ఇళ్ళు. కింద కొట్టు ఒక్కటుండదు.

నక్షా_మాస్టారు:

అమ్మా, ముందు ఆ 88 లక్షలు, 21 లక్షల లెక్క సరిచేద్దాం. గ్రేటర్ లండన్ 1,572 చదరపు కిలోమీటర్లు. పారిస్ అని లెక్కేసేది నడిబొడ్డు 105 చదరపు కిలోమీటర్లనే, రెండు అడవులతో సహా. దాని చుట్టూ ఉన్న శివార్లు వేరే మున్సిపాలిటీలు. ప్రాంతం మొత్తం తీసుకుంటే అక్కడా కోటి ఇరవై లక్షల మంది ఉంటారు. కాబట్టి చదరపు కిలోమీటరుకు లండన్‌లో 5,600 మంది, పారిస్‌లో 20 వేల మంది. ఇదీ పూర్తి న్యాయమైన పోలిక కాదు. లండన్ లోపలి బరోలనే తీసుకుంటే 10 వేలు దాటుతుంది, అయినా పారిస్‌లో సగమే. మీరు దిగిన రిపబ్లిక్‌ని ఆనుకునే ఉన్న 11వ వార్డు లాంటి చోట 40 వేలకు దగ్గరగా ఉంటుంది.

ఈ తేడా ఎందుకొచ్చిందంటే, పారిస్ చాలాకాలం గోడల మధ్య పెరిగింది. చివరి కోటగోడ 1840లలో కట్టారు. దాన్ని కూల్చేశాక ఇప్పుడు రింగ్ రోడ్డు ఉన్నది ఇంచుమించు ఆ గీత మీదే. లోపల చోటు చాలక పైకి కట్టారు. లండన్‌కు అలాంటి గోడ అడ్డం రాలేదు. 1863లో భూగర్భ రైలు మొదలైంది, తర్వాత రైలు ఎంత దూరం వెళ్తే ఇళ్ళూ అంత దూరం పాకాయి. ప్రతి ఇంటికీ ముందు కాస్త, వెనక కాస్త తోట. మీ అమ్మాయిగారిల్లు ఆ బాపతే.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. ప్లాన్లు గీసి మున్సిపల్ ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓర్చుకోండి. పారిస్‌ని 1853-70 మధ్య తిరగరాసినాయన ఓస్మాన్ (మన నిజాం కాదు లెండి). వీధి వెడల్పును బట్టే బిల్డింగ్ ఎత్తు అని అక్కడ రూలుండేది. 1859 రూలు ప్రకారం 20 మీటర్ల వీధిలో గోడ 20 మీటర్లదాకా లేపొచ్చు. మన హైదరాబాద్‌లోనూ రోడ్డు వెడల్పును బట్టే ఎత్తు. పైగా 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్నింతల అంతస్తుల విస్తీర్ణం కట్టొచ్చన్న లెక్క) పరిమితి కూడా లేదు. రూలు చూస్తే అన్నదమ్ముల్లా ఉన్నాయి కదా? తేడా అంతా గోడ ఎక్కడ నిలబడుతుందన్న దగ్గరే. పారిస్‌లో బిల్డింగ్ గోడ ఫుట్‌పాత్ అంచున ఉంటుంది. పక్క బిల్డింగ్‌కు ఆనుకుని ఉంటుంది. గాలీ వెలుతురూ లోపలి ముంగిలి నుంచి వస్తాయి. మన దగ్గర ఎత్తు పెరిగేకొద్దీ నాలుగు వైపులా ఖాళీ ఎక్కువ వదలాలి. ఫైరింజన్ తిరగాలి కాబట్టి అందులో తప్పు లేదు. కానీ ఆ ఖాళీ చుట్టూ ప్రహరీ కడతాం, కింద పార్కింగ్ పెడతాం, గేటు దగ్గర సెక్యూరిటీని కూర్చోబెడతాం. అంతమంది రోడ్డు మీదికి రావడానికి మిగిలేది ఒక్క గేటు. అదీ ఎక్కువగా కార్లకు.

2011 లెక్కల్లోనే గ్రేటర్ హైదరాబాద్‌లో 650 చదరపు కిలోమీటర్లకు 67 లక్షల పైన. అంటే లోపలి లండన్‌తో సమానం. జనం మన దగ్గర తక్కువేం కాదమ్మా. తక్కువైంది రోడ్డు మీదికి తెరుచుకునే తలుపులు.

మనకు ఆ కట్టుబడి తెలియక కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. పాతబస్తీలో పత్తర్‌గట్టి బజారు వాళ్ళు కట్టించిందే. రాతి కమానుల కింద నడక, లోపల దుకాణాలు, పైన అంతస్తులు. పారిస్‌లో రివోలి వీధి చూసే ఉంటారు, అదే వరస. చార్మినార్ వెళ్ళినప్పుడు గాజుల వైపే చూడకుండా ఒకసారి ఆ కమానుల కింద నిలబడి తల పైకెత్తండి.

బెల్‌విల్_లో_బిర్యానీ:

నేను పారిస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను, మాది ఉప్పల్. మాస్టారు చెప్పినవి సరే, ఇంకో రెండు చిన్న కారణాలు. ఒకటి, గదులు. ఇక్కడ అద్దెకివ్వాలంటే చట్టం ప్రకారం కనీసం 9 చదరపు మీటర్లుండాలి. అది కనీసం అని పెట్టారంటేనే అర్థం చేసుకోండి! నా గది దానికంటే కొంచెం పెద్దది. మంచం మీద కూర్చుంటే పొయ్యి అందుతుంది. స్నేహితులొస్తే కాలువ గట్టుకో, కింద కేఫ్‌కో పోవాల్సిందే. ఒక కాఫీ తీసుకుని గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. అల్లుడుగారికి చెప్పండి, మాకు పని లేక కాదు, ఇంట్లో రెండో కుర్చీకి చోటు లేక.

రెండోది గడియారం. పారిస్ టైము లండన్ కంటే గంట ముందుంటుంది. జూన్‌లో లండన్‌లో తొమ్మిదిన్నర లోపే సూర్యుడు అస్తమిస్తే, ఇక్కడ గడియారంలో దాదాపు పదవుతుంది. మీరు పదింటికి చూసింది రాత్రి కాదండీ, సాయంత్రమే. డిసెంబర్‌లో వచ్చి చూడండి, ఆ బంతాట పిల్లలు ఒక్కరూ ఉండరు.

బాగున్నదల్లా చెప్పి ఊరుకుంటే తప్పు. కింద సందడి అంటే పైన నిద్ర లేనట్టే. మా కింద బార్ మూసి కుర్చీలు లోపలికి ఈడ్చేదాకా నాకు నిద్ర పట్టదు, పొద్దున్నే క్లాసు.

చిక్కడపల్లి_అమ్మమ్మ:

బంగారుతల్లీ, ఆ గడియారం సంగతి మా అల్లుడికి పంపించాను. ఇంకా జవాబు రాలేదు.

మాస్టారుగారూ, మీరు చెప్పిన గేటు లెక్క మాకు అతికినట్టు సరిపోయింది. మా వెనక ప్రహరీకి అవతలే సందు. అందులో కూరల బండి, ఇస్త్రీ డబ్బా, పిండిమర అన్నీ ఉన్నాయి. కిటికీలోంచి కనిపిస్తాయి. వెళ్ళాలంటే లిఫ్ట్ దిగి, ముందు గేటు దాటి, మెయిన్ రోడ్డు మీద ఫుట్‌పాత్ లేని చోట కార్లకు దణ్ణం పెట్టుకుంటూ చుట్టూ తిరగాలి. అక్కడ మనిషి పట్టేంత తలుపు పెట్టమని అసోసియేషన్‌లో అడిగితే సెక్యూరిటీ ప్రాబ్లమ్ అన్నారు. దొంగలు కూరల బండి మీద వస్తారనుకుంటారో ఏమో. దీనికి మున్సిపాలిటీ పర్మిషన్ కావాలా, మేమే పెట్టుకోవచ్చా?

నక్షా_మాస్టారు:

ముందు మీ శాంక్షన్డ్ ప్లాన్ కాపీ అసోసియేషన్‌ను అడిగి తీసుకోండి. చాలా ప్లాన్లలో వెనక వైపు ఎమర్జెన్సీ గేటు గీసే ఉంటుంది, కట్టాక తాళం వేసేస్తారు. అలా ఉంటే మీ పని సులువు, ఉదయం సాయంత్రం తెరిచి ఒక గార్డును పెట్టమని అడగొచ్చు. లేకపోతే కొత్తగా ప్రహరీ పగలగొట్టే ముందు లిఖితపూర్వకంగా అడగడం మంచిది. ఆ సందు పబ్లిక్ రోడ్డా, ఎవరిదైనా ప్రైవేటు స్థలమా అన్నది కూడా చూడండి. చాలాచోట్ల గొడవ అక్కడే వస్తుంది. ప్లాన్ దొరికితే ఆ భాగం ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.

ఈస్ట్‌హామ్_కుర్రాడు:

తలుపు పెట్టించాక ఆ సందులో దోశ బండి కూడా ఉందో లేదో చెప్పండి అమ్మమ్మగారూ. సంక్రాంతికి వస్తున్నా.