వయనాడ్‌కు సామాను పంపాలా, డబ్బు పంపాలా? కర్నూలు విద్యార్థుల సందేహం

ప్రశ్న (డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, కర్నూలు, 2024 ఆగస్టు మొదటి వారం)

అందరికీ నమస్కారం. జూలై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోయాయని తెలిసినప్పటి నుంచి మా క్లాసులో ఎవరికీ పాఠాల మీద ధ్యాస లేదు. మూడు రోజులుగా హాస్టళ్లు, ఇళ్లు తిరుగుతున్నాం. పదకొండు మూటల బట్టలు, రెండు బస్తాల సోనా మసూరి బియ్యం, 38,400 రూపాయలు వచ్చాయి. డబ్బంతా నా ఫోన్‌పేలోనే ఉంది. వ్యాన్ మాట్లాడితే ముప్పై వేల పైనే అడుగుతున్నారు. ఆరుగురం వ్యాన్‌లో పోయి స్వయంగా ఇచ్చి రావాలని అనుకున్నాం. కానీ అక్కడ ఎవరికి ఇవ్వాలి? మలయాళం ఎవరికీ రాదు. చాలా టెన్షన్‌గా ఉంది, దారి చెప్పండి.

జవాబు (కర్నూలు పాతబస్తీ)

చెల్లెమ్మా, ముందు ఆ వ్యాన్ మాట ఆపండి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ మన ఊరి మీద పడినప్పుడు మేం రెండు రాత్రులు మిద్దె మీదే ఉన్నాం. నీళ్లు తీశాక ఇంట్లో మోకాలి లోతు బురద. ఆ వారమంతా లారీలు వస్తూనే ఉన్నాయి. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే, దాని గురించి మాట అనను. కానీ లారీ మీద నుంచి విసిరిన చొక్కాలు బురదలో తొక్కుడుపడి కుళ్లిపోవడం కళ్లారా చూశాను. మా అమ్మకు కావలసింది చీర కాదు. చీపుర్లు, పార, బకెట్, ఫినాయిల్, కొవ్వొత్తులు, మంచినీళ్లు. ఆడవాళ్లకు కొత్త లోదుస్తులు, ప్యాడ్లు. వాటిని నోరు తెరిచి అడగలేక ఎంత ఇబ్బంది పడ్డారో! ఒక బృందం మాత్రం ముందు రోజు వచ్చి ఇంటింటికీ తిరిగి ఏం కావాలో రాసుకుని, మర్నాడు సరిగ్గా అవే తెచ్చింది. వాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

అందుకే ముందు అడగండి. కల్పెట్టలో ఉన్న వయనాడ్ కలెక్టరేట్‌కు ఫోన్ చేయండి. జిల్లా విపత్తు నంబరు 1077, ముందు వాళ్ల ఎస్టీడీ కోడ్ కలపాలి. భాష కోసం భయం వద్దు. మన ఊరి ఆసుపత్రుల్లో మలయాళీ నర్సులు ఉన్నారు కదా, ఒక అక్కను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

బియ్యం సంగతి. అక్కడ చాలా ఇళ్లలో ఉప్పుడు బియ్యం, ఎర్రగా ఉండే మట్ట బియ్యం తింటారు. మన సోనా బస్తాను 600 కిలోమీటర్ల పైన మోసుకుపోయే ఖర్చుతో అక్కడి అంగట్లోనే వాళ్లు తినే బియ్యం కొనొచ్చు.

జవాబు (అనంతపురం, ఒకప్పుడు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్)

పై అన్న చెప్పింది నిజం. ఇంకో మాట, మైసూరు దాటాక బందీపూర్ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మామూలు బండ్లను వదలరు. చూరల్‌మలలో వంతెన పోతే ఆర్మీ వాళ్లు 190 అడుగుల బెయిలీ వంతెన (ఉక్కు భాగాలు బిగించి త్వరగా కట్టేది) వేసి జేసీబీలను, అంబులెన్సులను దాటిస్తున్నారు. ఆ ఇరుకు దారిలో మీ వ్యాన్ కూడా అడ్డమే అవుతుంది. మీ ఆరుగురికీ అక్కడ తిండి, పడక ఎవరో చూడాలి.

డబ్బు విషయంలో చాలా జాగ్రత్త, తల్లీ. మా కాలేజీలో ఒకసారి వరద కోసం వసూలు చేసిన డబ్బు ఒకే అబ్బాయి దగ్గర ఉంది. అతను పైసా తినలేదు. అయినా లెక్క రాయలేదని నెల రోజులు మాటలు పడ్డాడు, చివరికి చదువు మానేస్తానన్నాడు. ఈరోజే ప్రిన్సిపాల్ గారికి లెటర్ ఇవ్వండి, ఎన్‌ఎస్‌ఎస్ సార్‌ను కలుపుకోండి. ఎవరు ఎంత ఇచ్చారో నోట్‌బుక్‌లో రాసి ఇద్దరు సంతకం పెట్టండి. రోజూ సాయంత్రం ఆ పేజీ ఫొటో క్లాసు గ్రూపులో పెట్టండి. మొత్తం కేరళ ముఖ్యమంత్రి సహాయనిధికి, వాళ్ల అధికారిక వెబ్‌సైట్‌లోకి పోయి పంపండి. వాట్సాప్‌లో తిరిగే క్యూఆర్ స్క్రీన్‌షాట్లకు పొరపాటున కూడా పంపొద్దు.

లెక్చరర్లు ఎక్కువ ఇస్తామంటే మీ ఫోన్‌పేకు వేయించుకోకండి, నేరుగా వాళ్ల పేరుతోనే నిధికి కట్టమనండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద, ఇచ్చిన మొత్తానికీ మినహాయింపు వస్తుంది. నగదుగా 2,000 దాటితే రాదు.

మళ్లీ అడిగిన ప్రశ్న (అదే విద్యార్థిని)

థాంక్యూ అన్నా, థాంక్యూ అక్కా. మరి పదకొండు మూటలు ఏం చేయాలి? ఇచ్చినవాళ్లకు ఏమని చెప్పాలి?

జవాబు (కర్నూలు పాతబస్తీ)

ఉన్నదున్నట్టే చెప్పండి. "అక్కడ ఇప్పుడు పాత బట్టలు వద్దు, ఇక్కడ అవసరమున్న వాళ్లకు ఇస్తాం, లేదంటే మీవి మీకు తిరిగిస్తాం" అనండి. ఎవరూ కోపపడరు. మూటలు విప్పి చిరిగినవి పక్కన పెట్టి, మిగతావి ఉతికి ఇస్త్రీ చేయించండి. బియ్యం మన ఊళ్లోని అనాథాశ్రమానికి ఇచ్చి రసీదు తీసుకోండి.

విద్యార్థిని

నిన్న మా వీధిలో ఉండే మలయాళీ నర్సు అక్కతో కలెక్టరేట్‌కు ఫోన్ చేయించాం. పాత బట్టలు వద్దన్నారు. ఈరోజు మధ్యాహ్నం ఎన్‌ఎస్‌ఎస్ సార్ ముందే 38,400 నిధికి కట్టి, రసీదు నోటీసు బోర్డులో పెట్టాం. బట్టలిచ్చిన అవ్వ ఒకామె తన కొత్త చీర తిరిగి తీసుకోనంది. "ఆ డబ్బుల్లో ఇది కూడా కలుపుకో" అని కొంగున ముడి విప్పి వంద రూపాయలు చేతిలో పెట్టింది. రేపు ఆ వంద కూడా కట్టి, ఆమె పేరుతో రసీదు తీసి ఇంటికి పోయి ఇచ్చి వస్తాను.