వరంగల్ ఏనుమాముల అవతలి కాలనీ నుంచి టెక్స్‌టైల్ పార్క్‌ల పని: రానుపోను ఖర్చులు పోను చేతికెంత?

కాలనీ_తమ్ముడు:
మా చెల్లె టెన్త్ పాసైంది, ఇంట్ల మిషన్ కుడతది. కాలనీ నుంచి మెయిన్ రోడ్డు 3 కిలోమీటర్లు, ఆటో లేకుంటే నడకే. కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్‌ల కుట్టు మిషన్ ఆపరేటర్ పని ఉన్నది, నెలకు 15,000 సీటీసీ అని ఒక కాంట్రాక్టర్ చెప్తుండు. ముందుగాల 2,000 కట్టుమంటుండు. అంత దూరం పోతే గిట్టుబాటైతదా? తెలిసినోళ్లు జర చెప్పండి.

జీతం_లెక్క:
తమ్మీ, ఆ 2,000 కట్టకుండ్రి. కంపెనీ హెచ్‌ఆర్ (ఉద్యోగులను తీసుకునే విభాగం) నేరుగ తీసుకునే పనికి పైసలు కట్టేదుండదు. టెన్త్ మెమో ఒరిజినల్ కూడ ఎవల చేతుల పెట్టద్దు, జిరాక్స్ చాలు.

ఇగ సీటీసీ అంటే చేతికొచ్చే జీతం గాదు. కంపెనీ కట్టే పీఎఫ్ (ఖర్చులతో కలిపి దాదాపు 13 శాతం), ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) 3.25 శాతం అండ్లనే కలిపి చెప్తరు. జీతం మొత్తం బేసిక్, డీఏనే (మూల వేతనం, కరువు భత్యమే) అనుకుంటే 15,000ల అసలు జీతం 12,900. దాంట్లకెల్లి చెల్లె వంతు పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 0.75 శాతం పోతయి. చేతికి 11,250 దగ్గర వస్తది. బోనస్ కూడ సీటీసీల కలిపితే ఇంకింత తగ్గుతది, అందుకే ‘గ్రాస్ (కోతలకు ముందు) ఎంత, నెట్ (చేతికొచ్చేది) ఎంత’ అని కాగితం మీద రాయించుకోండి.

రోడ్డు దాక ఆటోకు రానుపోను 40 అనుకుంటే, 26 రోజులకు 1,040. క్యాంటీన్‌కు రోజుకు 30 కోస్తే 780. మిగిలేది 9,400 చిల్లర. దగ్గర్ల దొరికే పని నెలకు ఎంతిస్తదో ఈ అంకెతోని పోల్చుండ్రి, 15,000తోని గాదు. పీఎఫ్ మాత్రం పోయిన పైసలు గాదు, ఆమె ఖాతాలనే ఉంటయి. నెలనెలా పాస్‌బుక్‌ల చూడాలె. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబర్) తీస్తే పాత పైసలు ఇరుక్కుంటయి. చేరంగనే పాత నంబరే ఇయ్యాలె.

పొద్దు_షిఫ్ట్:
బస్సు సంగతి నేను చెప్త. పార్క్ గీసుగొండ, సంగెం మండలాల్ల ఉంటది. హెచ్‌ఆర్‌ను మొదటి మాటే ‘కంపెనీ బస్సు ఏ పాయింట్ల ఆగుతది, ఎన్ని గంటలకు’ అని అడగాలె. ఆ పాయింట్ దాక పొద్దుగాల 5 గంటలకు ఆటో దొరుకుతదా అన్నది కాలనీల ఉన్నోళ్లకే తెలుసు. ఆడవాళ్లకు రాత్రి షిఫ్ట్ వేస్తే కంపెనీ బండి ఉన్నదా, అది ఇంటి దాక వస్తదా అని ముందే ఖాయం చేసుకోండి.

ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం, అదే మహాలక్ష్మి, 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తున్నది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల ఉచితం, డీలక్స్‌ల గాదు. తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలె. ఆధార్‌ల పాత అడ్రస్ ఉంటే ముందే మార్పించుండ్రి.

కాలనీ దాక బస్సు కావాల్నంటే ఊరికే అడిగితే కాదు. ఏ టైముకు ఎంతమంది, ఎక్కడికి పోతున్నరో సంతకాలతోని పట్టిక రాసి డిపో మేనేజర్‌కు ఇయ్యాలె, కంపెనీల ఉత్తరం జతచేయాలె. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిల కూడ ఒక కాపీ ఇచ్చి రసీదు ఉంచుకోండి. బస్సు నడిపితే సీట్లు నిండుతయా లేదా అన్నదే ఆర్టీసీ చూస్తది.

కుట్టు_ట్రైనర్:
ఇంటి మిషన్ వేరు, ఫ్యాక్టరీ పవర్ మిషన్ వేరు. టెస్ట్‌ల దారం లేకుండ కాగితం మీద గీసిన నిలువు గీతలు, వంపుల వెంట సూది నడిపిస్తరు. కాలు మెల్లగ ఒత్తడం రానోళ్లకు గీత దాటిపోతది, అక్కడనే తప్పుతరు. పవర్ మిషన్ ఉన్న టైలర్ దగ్గర పది రోజులు గీతల కాగితాలు కుట్టి పోతే ఆపరేటర్‌గ తీసుకునే అవకాశం పెరుగుతది. రాకుంటే హెల్పర్ చేస్తరు, జీతం తక్కువ.

కాలనీ_తమ్ముడు:
పొద్దుగాల నడిచిపోతుంటే దెబ్బ తగిలితే?

జీతం_లెక్క:
పనికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు దారిల అయిన ప్రమాదం కూడ ఈఎస్‌ఐ కింద పని ప్రమాదంగనే లెక్క. అయితే ఆమె పేరు మీద ఇన్సూరెన్స్ నంబర్ ఉండాలె. చేరిన వారంలనే ఆ నంబర్ అడిగి, పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తోని కలుస్తున్నయా చూసుకోండి.