ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉంటే కార్డు పాడవుతుందా?

గాజువాక కుర్రాడు:
నిన్న ఎన్‌ఏడీ దగ్గర ఏటీఎంలో కార్డు పెడితే అసలు లోపలికే తీసుకోలేదు. పక్కనే ఇంకో ఏటీఎం ఉంది, కార్డు సగం బయటే ఉంటుంది చూడండి, ఆ రకం, దాంట్లో మాత్రం డబ్బులొచ్చాయి. సాయంత్రం షాపులో ట్యాప్ చేస్తే అదీ పనిచేసింది. నా ఫోన్ కవర్ పర్సులా మడతపెట్టేది, మూసే చోట అయస్కాంతం ఉంటుంది, ఏడాదిగా కార్డు అందులోనే. అమ్మ మొదట్నుంచీ వద్దని మొత్తుకుంటోంది, నేనేమో అదంతా పాతకాలం భయం అని కొట్టిపారేశాను. ఇప్పుడు ఇంట్లో పరువు సమస్య. ఎవరిది కరెక్టు?

మిషన్ల మెకానిక్:
మీ అమ్మగారు గెలిచారు తమ్ముడూ, కానీ సగమే. అయస్కాంతానికి చెరిగేది వెనకున్న నల్ల పట్టీ ఒక్కటే. పాత క్యాసెట్ టేపు మీద పాట ఎలా ఉండేదో, నీ కార్డు నంబరు, ఎక్స్‌పైరీ దాని మీద అలాగే ఉంటాయి. చిప్ సంగతి వేరు, దాన్ని ఈ కవర్ అయస్కాంతం ఏమీ చేయలేదు, ట్యాప్ పనిచేసిందంటే చిప్ బతికే ఉంది. కార్డును మొత్తం లోపలికి లాక్కునే ఏటీఎంలలో కొన్ని, ముందు ఆ పట్టీని చదివితే గానీ కార్డు దూరే చోటున్న తలుపు తియ్యవు. నీకు జరిగింది అదే అనుకుంటా. పట్టీ మీద గీతలు పడ్డా ఇలాగే అవుతుంది, ఓసారి వెలుతురులో చూసుకో.

బీచ్‌రోడ్డు బాబాయ్:
మా ఫ్రిజ్ మీద బొమ్మ అయస్కాంతం కిందే నాలుగేళ్లుగా కార్డు పెడుతున్నా, ఏమీ కాలేదే?

మిషన్ల మెకానిక్:
కాదండీ, ఆ బొమ్మల బలం 100 గాస్ అటూఇటూ అంతే, గాస్ అంటే అయస్కాంత బలానికి కొలత. బ్యాంకు కార్డుల పట్టీ ఎక్కువగా 2750 ఓర్‌స్టెడ్ పైన తట్టుకునే రకం, ఇక్కడ ఓర్‌స్టెడ్ అన్నా గాస్ అన్నా లెక్క ఒకటే అనుకోండి. హోటల్ గది కార్డులు 300 దగ్గరే, అందుకే అవి ఫోన్ పక్కన పెట్టినా ఒక్కోసారి పోతాయి. కవర్లలో వాడే నియోడిమియం అనే గట్టి రకం అయస్కాంతం ముక్క చిన్నదే అయినా ఆనుకున్న చోట వేల గాస్ ఉండొచ్చు, అర అంగుళం జరిపితే బలం ఒక్కసారిగా పడిపోతుంది.

సీతమ్మధార శ్రీను:
నాన్నని ఎంఆర్ఐకి తీసుకెళ్లి ఆ కంగారులో పర్సు జేబులోనే ఉంచుకుని మిషన్ దాకా వెళ్లిపోయా. 1.5 టెస్లా, అంటే 15,000 గాస్. రెండు కార్డుల పట్టీలూ పోయాయి, చిప్‌తో మాత్రం ఇప్పటికీ వాడుతున్నా. ఎలాగూ 2018 ఆఖరుకల్లా ఉత్త పట్టీ కార్డుల్ని ఆర్బీఐ తీయించేసింది కదా, అందుకే పెద్దగా ఇబ్బంది తెలియలేదు. నన్నడిగితే మన ఊళ్లో అయస్కాంతం కన్నా చెమటా ఉప్పుగాలీనే ఎక్కువ, చిప్ మీద జిడ్డు పేరుకుంటే పొడిగుడ్డతో తుడవండి.

గాజువాక కుర్రాడు:
చూశా, గీతల్లేవు. కొత్త కార్డుకి పెట్టేశాను. అమ్మ తన కార్డుని ముందుజాగ్రత్తగా పోపుల డబ్బాలో దాచింది, చిప్ మీదంతా పసుపు.