పాట పాకింది, కాంట్రాక్ట్ వచ్చింది. సంతకం పెట్టనా?

సగంపాట_సగంమాట

అందరికీ నమస్కారం. నాకు 21 ఏళ్లు. పదహారో ఏట నుంచి రాస్తున్నాను. వెర్స్ (చరణం) ర్యాప్, హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) పాట, రెండూ నేనే. ఇప్పటిదాకా తొమ్మిది పాటలు రిలీజ్ చేశాను. మొదటి ఎనిమిదీ మా స్నేహితులు తప్ప ఎవరూ వినలేదు. తొమ్మిదోది రెండు నెలల కింద పెట్టాను. హుక్‌లోంచి పన్నెండు సెకన్ల ముక్క తీసుకుని ఎవరో రీల్ చేశారు, ఇక అక్కడి నుంచి అదే పాకిపోయింది. నిన్నటికి నాలుగు లక్షల స్ట్రీములు దాటింది.

పోయిన వారం ఒక కంపెనీ కాంట్రాక్ట్ పంపింది. పదిహేడు పేజీలు. నాకు అర్థమైనంతవరకు అడ్వాన్స్ ఇస్తారు, ఈ పాట, ఇకపై చేసే మూడు ఆల్బమ్‌లు వాళ్లవి, షోలలో వచ్చే దాంట్లో కూడా పావు వంతు వాళ్లది. పది రోజుల్లో చెప్పమన్నారు. మా నాన్న "పెట్టెయ్ తల్లీ, మళ్లీ ఇలాంటిది వస్తుందో రాదో" అంటున్నారు. ఆయన మాట తీసిపారేయలేను, ఐదేళ్లుగా నా రికార్డింగ్ ఖర్చులు పెట్టుకున్నది ఆయనే.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. వచ్చే నెల నా మొదటి పెద్ద షో, ఇరవై ఐదు నిమిషాలు. రిహార్సల్‌లో రెండో వెర్స్ అయ్యేసరికి హుక్‌కి గొంతు లేవడం లేదు. పై స్వరాల్లో గాలి మాత్రమే వస్తోంది.

బీట్, అంటే పాట కింద మోగే సంగీతం, ఆన్‌లైన్‌లో లీజుకు తీసుకున్నది.

బీట్‌బండి

ముందుగా శుభాకాంక్షలు. కానీ మీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. నేను బీట్లు చేసి అమ్ముతాను కాబట్టి చెప్తున్నా, ఆ లీజు కాగితం ఇప్పుడే తీసి చూడండి. లీజు అంటే బీట్ మీది కాదు, వాడుకునే అనుమతి మాత్రమే. అదే బీట్ ఇంకో పదిమందికి కూడా అమ్మి ఉండవచ్చు. చాలా లీజుల్లో ఇన్ని స్ట్రీముల వరకే అని పరిమితి ఉంటుంది, అది దాటితే పెద్ద లైసెన్స్ తీసుకోవాలి.

అమెరికా ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ సంగతి మనలో చాలామందికి తెలుసు. ఇంటర్నెట్‌లో 30 డాలర్లకు కొన్న బీట్ మీద పాడిన 'ఓల్డ్ టౌన్ రోడ్' 2019లో అమెరికా హాట్ 100 పాటల జాబితాలో 19 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ బీట్‌లో నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం సంగీతం ముక్క ఉందన్న విషయం పాట పెద్దదయ్యాకే పెద్ద వ్యవహారమైంది. చివరికి ఆ బృందంలోని ఇద్దరికీ రచనలో పేరూ వాటా వచ్చాయి. మీ బీట్‌లో కూడా ఎవరి శాంపిల్ (వేరే పాట నుంచి తీసుకున్న ముక్క) అయినా ఉందేమో చేసినవారిని సూటిగా అడగండి, జవాబు రాతలో తీసుకోండి.

పాతమైక్

చెల్లీ, నీ పోస్ట్ రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. నేను ఇరవై ఏళ్ల వయసులో సంతకం పెట్టినవాణ్ణి. ఇప్పుడు మిక్సింగ్ చేసుకుంటున్నాను. అప్పట్లో కంపెనీ వాళ్లు నావి రెండు పాటలు రిలీజ్ చేశారు. తర్వాత పద్నాలుగు పాటల ఆల్బమ్ మొత్తం రికార్డ్ చేయించి, నాతో పని చేసిన మనిషి ఉద్యోగం మారగానే పక్కన పడేశారు. ఆ పద్నాలుగూ ఇప్పటికీ బయటికి రాలేదు. నా గొంతు, నా మాటలు, కానీ నేను రిలీజ్ చేయడానికి లేదు. మా పాపకు వినిపించాలంటే పాత ఫోన్‌లో మిగిలిన రఫ్ మిక్సే గతి.

అందుకే ఇది నెమ్మదిగా చదువు. పాట ఒకటే కానీ దానికి పట్టాలు రెండు. మాటలు, బాణీ కలిపి రచన, అది ఒక పట్టా. మైక్ ముందు పాడి రికార్డ్ చేసింది మాస్టర్, అది రెండో పట్టా. నీ పదిహేడు పేజీల్లో మాస్టర్ వాళ్లకు 'బదిలీ' అని ఉందా, 'లైసెన్స్' అని ఉందా చూడు. బదిలీ అంటే అమ్మకం. లైసెన్స్ అంటే ఇన్నేళ్లకు అద్దె, గడువు అయ్యాక తిరిగి నీ దగ్గరికే వస్తుంది. నేను ఆ ఒక్క మాట చూసుకోలేదు.

అడ్వాన్స్ గురించి మీ నాన్నగారికి ఇలా చెప్పు. అది జీతం కాదు, నీ వాటాలోంచి తిరిగి కోసుకునే బాకీ. నీ వాటా నూటికి ఇరవై అనుకో. బాకీ తీరేది ఆ ఇరవైలోంచే, మిగతా ఎనభై మొదటి రోజు నుంచే వాళ్లది. అంటే వంద అడ్వాన్స్ తీరాలంటే పాట ఐదు వందలు సంపాదించాలి. వీడియో ఖర్చు, ప్రచారం ఖర్చు కూడా చాలాసార్లు ఆ బాకీలోనే కలుపుతారు. అప్పటిదాకా పాట ఎంత మోగినా దాని మీద నీ చేతికి వచ్చేది సున్నా.

కంపెనీలన్నీ చెడ్డవని నేను అనను. డబ్బు, పరిచయాలు, మంచి స్టూడియో ఉన్నవాళ్లు పాటను నీకు అందని చోటికి తీసుకెళ్తారు. చాన్స్ ద ర్యాపర్ ఏ లేబుల్‌కూ (మ్యూజిక్ కంపెనీకీ) సంతకం పెట్టకుండానే 2017లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ గ్రామీ అవార్డు గెలిచాడు, అది స్ట్రీమింగ్‌లో మాత్రమే వచ్చిన ఆల్బమ్. కానీ అతని చుట్టూ పనిచేసే జట్టు ఉంది. నీకు జట్టు ఉందా లేదా అన్నది నువ్వే చూసుకోవాలి.

వాళ్లను అడగాల్సింది ఏమిటంటే, ముందు ఈ ఒక్క పాటకే మాట్లాడుకుందాం అను. రికార్డ్ చేసిన పాట ఏడాదిలో రిలీజ్ చేయకపోతే హక్కు నాకు తిరిగి రావాలి అని రాయించు, ఇది మాత్రం వదలకు. షోలలో వాటా వాళ్లు తెచ్చిన షోలకే. మ్యూజిక్ కాంట్రాక్టులు చూసే లాయర్‌కు చూపించకుండా పెన్ను తీయకు. పది రోజుల గడువు వాళ్ల అవసరం, ఇంకో వారం అడిగితే పాట పారిపోదు.

సగంపాట_సగంమాట

అన్నా, చదువుతుంటే ఏడుపొచ్చింది. థ్యాంక్స్.

లీజు కాగితం తీశాను. పరిమితి ఐదు లక్షల స్ట్రీములు. నేను నాలుగు దాటాను. పైగా కాంట్రాక్ట్ తొమ్మిదో పేజీలో "ఈ పాట హక్కులన్నీ పూర్తిగా నావే, వేరేవాళ్లకు ఏ హక్కూ లేదు" అని నేను హామీ ఇస్తున్నట్టు ఉంది. మొన్న అది చదివి మామూలు మాటే కదా అనుకుని దాటేశాను. హుక్ బాణీలో నా స్నేహితురాలిది సగం చెయ్యి ఉంది. కాగితం మీద మేమేమీ రాసుకోలేదు.

పాతమైక్

అది సంతకం పెట్టి ఉంటే రేపు ఎవరు అడ్డం తిరిగినా నష్టం నువ్వు కట్టాలి. స్నేహితురాలితో ఇవాళే కూర్చో. పాటకు డబ్బు రాకముందు పంచుకోవడం తేలిక. అమెరికా గాయని లారిన్ హిల్ ర్యాప్, పాట రెండూ ఒకే గొంతులో అంత అందంగా కలిపి 1998లో ఆల్బమ్ చేసింది, మరుసటి ఏడాది ఐదు గ్రామీలు వచ్చాయి. అంతటి ఆల్బమ్ మీదా తమకు రావాల్సిన పేరు రాలేదని పనిచేసిన సంగీతకారులు కోర్టుకెక్కారు, 2001లో కోర్టు బయట రాజీ చేసుకున్నారు. నువ్వూ ఆమె చెరి ఎంతో ఒక పేజీ మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.

శ్రుతిపెట్టె

కాంట్రాక్ట్ గురించి పెద్దలు చెప్పారు, నేను గొంతు గురించి చెప్తాను. నేర్పించేదాన్ని. మీ వెర్స్ స్టూడియోలో ముక్కలు ముక్కలుగా పంచ్ చేసి రికార్డ్ చేశారు కదూ? అందుకే అందులో ఊపిరి తీసుకునే చోటే లేదు. స్టేజీ మీద అదే పాడబోయి, ఊపిరి చాలక గొంతుతో నెడుతున్నారు. ఆ నెట్టుడుకే హుక్ పోతోంది.

తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగిసి పక్క మాటలోకి జారిపోతుంది. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో ర్యాప్‌లో ఊపిరికి అంత ఇబ్బంది. ఆగే చోటు దానంతటది దొరకదు, మనమే రాసుకోవాలి. వెర్స్ మొత్తం నిలబడి ఒకే టేక్‌లో పాడి ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఎక్కడ మాట తెగుతుందో అక్కడ ఒకటి రెండు మాటలు తీసేయండి. వెనక డబుల్స్ (అవే మాటలు ముందే రికార్డ్ చేసిన మీ గొంతు) ట్రాక్‌లో పెట్టుకోండి, తప్పేం లేదు. స్టేజీ మీద మీవైపు పెట్టే మానిటర్ స్పీకర్‌లో మీ గొంతు మీకు వినపడకపోతే తెలియకుండానే అరుస్తారు, సౌండ్ చెక్‌లో అది గట్టిగా అడగండి.

రోజూ ఐదు నిమిషాలు సన్న స్ట్రాలోంచి హమ్మింగ్ చేయండి. విశ్రాంతి అంటే మౌనమే, గుసగుసలు కాదు. బొంగురు మూడు వారాలు దాటినా పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

సగంపాట_సగంమాట

ఎనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. బీట్ చేసినతను శాంపిల్ ఏదీ లేదని రాసిచ్చాడు, పెద్ద లైసెన్స్ తీసుకున్నాను. స్నేహితురాలూ నేనూ బాణీలో సగం సగం రాసుకుని సంతకాలు పెట్టాం. ఆమె అసలు అడగనే లేదు, నేను కాగితం తీస్తే నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది.

లాయర్ తొమ్మిదో పేజీ కొట్టేసి తిరిగి పంపారు. కంపెనీ వాళ్లు ఈ ఒక్క పాటకు ఐదేళ్ల లైసెన్స్ గురించి మాట్లాడదామన్నారు, ఆల్బమ్‌ల సంగతి ఇంకా తేలలేదు. మా నాన్నకు అన్న చెప్పిన వంద, ఐదు వందల లెక్క వేసి చూపించాను. కాసేపు చూసి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

రెండో వెర్స్ నాలుగో బార్‌లో (లైనులో) రెండు మాటలు తీసేశాను. నిన్న రిహార్సల్‌లో అక్కడ ఊపిరి అందింది. హుక్ పై స్వరం పూర్తిగా పలికింది.