అప్‌డేట్: క్యూబ్‌లెట్ ఫ్లాగుల చిక్కు వీడింది

పోయిన వారం అడిగాను కదా, తిరుపతిలో మా ఆఫీసు కుబర్నెటీస్ క్లస్టర్‌లో (కంటైనర్లలో యాప్‌లు నడిపే సర్వర్ల గుంపు; ఒక్కో సర్వర్ ఒక నోడ్) క్యూబ్‌లెట్ (ప్రతి నోడ్‌లో పాడ్‌లను, అంటే కంటైనర్ల చిన్న గుంపులను, నడిపే ప్రోగ్రామ్) కాన్ఫిగ్ ఫైల్లో మ్యాక్స్ పాడ్స్ (ఒక నోడ్‌లో గరిష్ఠంగా ఉండే పాడ్‌ల సంఖ్య) 150కి మార్చినా ఒక నోడ్ మాత్రం 110 దగ్గరే ఆగిపోతోందని. కారణం దొరికింది.

రేణిగుంట రోడ్డులో టీ తాగుతుంటే మా సీనియర్ అన్న ఒక్క మాట అన్నాడు: "ఫైల్ కాదు, ముందు నడుస్తున్న ప్రాసెస్ చూడు." వెనక్కొచ్చి పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే కమాండ్) కొట్టి చూస్తే, క్యూబ్‌లెట్‌ను స్టార్ట్ చేసిన ఆ పొడుగాటి కమాండ్ వరుస చివర్లో మ్యాక్స్ పాడ్స్ 110 అన్న ఫ్లాగ్ (స్టార్ట్ చేసేటప్పుడు కమాండ్‌లోనే ఇచ్చే సెట్టింగ్)! ఎప్పుడో ఎవరో సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపేది) డ్రాప్-ఇన్ ఫైల్లో, అంటే సర్వీసు సెట్టింగులకు అదనంగా చేర్చే చిన్న ఫైల్లో, పెట్టి వదిలేశారు. కమాండ్ లైన్‌లో ఫ్లాగ్ ఉంటే క్యూబ్‌లెట్ దానికే విలువిస్తుంది, కాన్ఫిగ్ ఫైల్లో ఏమున్నా సరే. రెండు రోజుల టెన్షన్ దీనికే.

ఆ ఫ్లాగ్ తీసేసి, సిస్టమ్‌డీ తన ఫైళ్లు మళ్లీ చదివేలా డీమన్-రీలోడ్ చేసి, క్యూబ్‌లెట్ రీస్టార్ట్ చేశాను. నోడ్ వివరాలు చూపే డిస్క్రైబ్ కమాండ్‌లో కెపాసిటీ కింద పాడ్స్ 150 కనబడగానే ప్రాణం లేచొచ్చింది.

మిగతా నోడ్లలోనూ అన్నిటికీ ఒకేలా ఉండాల్సిన సెట్టింగులన్నీ కాన్ఫిగ్ ఫైల్లోకి చేర్చాను. నోడ్ ఐపీ (ఆ సర్వర్ నెట్‌వర్క్ అడ్రస్) లాంటివి మాత్రం ఫ్లాగులుగానే ఉంచాను, వాటికి ఆ ఫైల్లో చోటు లేదు. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.